మా యాడికి నేను దుభాషినైన పూట

తెలంగాణ ఉద్యమం రోజుల్లో మీకేం జరిగిందని మా వైపు ఎవరినైనా అడగండి. ఒకరు ప్యాంటు పైకి మడిచి లాఠీ మచ్చ చూపిస్తారు. ఒకరు మూడు రోజులు ఠాణాలో ఉన్న కథ చెబుతారు. నా దగ్గర చూపించడానికి మచ్చ కూడా లేదు. పట్టపగలు, మరిపెడ చౌరస్తాలో, ఊరంతా చూస్తుండగా నా పరువు గంగలో కలిసింది. కలిపింది పోలీసులూ కాదు, శత్రువులూ కాదు. నేనే. అదీ ఇంగ్లీషులో.

మాది మరిపెడకు ఆటోలో అరగంట దూరంలో ఉన్న తండా. యాడి అంటే మా లంబాడీ మాటలో అమ్మ. మా యాడి పేరు చాంది. బాపు నా చిన్నప్పుడే పోతే, రెండెకరాల మిరప తోట, ఒక బర్రె, నేను, ఈ మూడింటినీ ఒక్కతే సాకింది. వీటిలో ఆమెకు ఏ రాబడీ ఇవ్వనిది నేనొక్కణ్నే. బర్రె పాలిచ్చేది, తోట ఏదో కాసింత కాసేది. నేను డిగ్రీ చదివాను, బీఈడీ కూడా చేశాను, ఆ తర్వాత మంచం మీద కూర్చుని ఇంగ్లీషు జాతీయాలు బట్టీ పట్టేవాణ్ని.

జాతీయాల పిచ్చి ఎలా పట్టిందో చెప్పాలి. జనగామలో డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్లో నేను నిద్రలో మా భాషలో ఏదో కలవరించేవాణ్నట. పక్క మంచాలవాళ్లు మర్నాడు పొద్దున దాన్ని నటించి చూపించి నవ్వుకునేవాళ్లు. సరే పొమ్మని తెలుగులోకి పారిపోయాను. అక్కడ కోస్తా నుంచి వచ్చిన లెక్చరర్ ఒకాయన నేను లేచి జవాబు చెప్పగానే, "ఏమయ్యా, ఇది తెలుగా? సినిమాలో కమెడియన్ గుర్తొస్తున్నాడు" అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఇక మిగిలింది ఇంగ్లీషు. అందులో నన్ను చూసి నవ్వాలంటే ముందు నవ్వేవాడికి ఇంగ్లీషు రావాలి కదా, అదీ నా ధైర్యం.

వరంగల్ బస్టాండు దగ్గర ఫుట్‌పాత్ మీద ఒక పుస్తకం కొన్నాను. వెయ్యి ఇంగ్లీషు జాతీయాలు, అక్షరక్రమంలో. తెల్లవాళ్లు మామూలుగా మాట్లాడుకునేదే ఇలాగట, ముఖచిత్రం మీద టై కట్టుకున్నాయన హామీ ఇచ్చాడు. రోజుకు పది చొప్పున బట్టీ వేశాను. వినడానికి మనుషులు దొరక్క బర్రెకు అప్పజెప్పేవాణ్ని. ఈ కథ జరిగేనాటికి హెచ్ అక్షరం దాకా వచ్చాను. అంటే ఏ నుంచి హెచ్ దాకా ఉన్న విషయాల మీద నేను అనర్గళంగా మాట్లాడగలను. ఐ నుంచి జెడ్ దాకా ప్రపంచంలో ఏం జరిగినా నాకు సంబంధం లేదు.

మరిపెడ చౌరస్తాలో అప్పటికి మూడు నెలలుగా రిలే నిరాహార దీక్ష నడుస్తోంది. రోజుకొక సంఘం కూర్చునేది. ఒకరోజు మంగలి షాపులవాళ్లు, ఒకరోజు ఆటో డ్రైవర్లు, ఒకరోజు ఆరెంపీ డాక్టర్లు. పొద్దున మెడలో దండ వేసుకుని కూర్చోవడం, సాయంత్రం నిమ్మరసం తాగి లేవడం. పలక మీద ఎన్నో రోజో సుద్దతో రాసేవారు. శిబిరం పెద్ద యాకయ్య అన్న. ఆయనకు టెంట్‌హౌస్ ఉంది. టెంటు ఆయనదే, కుర్చీలు ఆయనవే, మైకు ఆయనదే. ఊళ్లో పెళ్లిళ్లకు సామాను లేదని చెప్పి అంతా ఇక్కడే పరిచిన మనిషి.

ఆయనకు ఒక్కటే బాధ. తెలుగు పేపర్లలో జిల్లా పేజీలో మూలకు ఇంత ముక్క వస్తోంది. ఢిల్లీవాళ్లు చదివే పేపర్లో మరిపెడ అనే మాట ఒక్కసారి కూడా రాలేదు. "మూడు నెలలైతాంది తమ్మీ. మనం కడుపులు మాడ్సుకునేది మనమే సూస్కుంటున్నం. ఢిల్లీకి ఎట్ల ఎరుక కావాలె?" అనేవాడు.

అలాంటిది ఒకనాడు ఫోను వచ్చింది. ఢిల్లీ ఇంగ్లీషు పేపరాయన మర్నాడు వరంగల్ నుంచి ఖమ్మం పోతూ దారిలో ఒక గంట ఆగుతాడట. ఆ రోజు దీక్షలో కూర్చోవలసిన వంతు మా తండా ఆడవాళ్లది. వాళ్లలో ముందువరసలో మా యాడి.

"తమ్మీ రవీందర్, నీకు ఇంగ్లీషు మంచిగొస్తదంట కదా. మనోళ్లు చెప్పింది ఆయనకు చెప్పాలె. చెప్తవా?" అన్నాడు యాకయ్య అన్న.

"అన్నా, నువ్వు పరేషాన్ గాకు. ఆయన మల్ల నా దగ్గర నేర్సుకొని పోతడు" అన్నాను. ఈ మాట నేనే అన్నాను. సాక్షులున్నారు.

"ఉర్దూ మాట్లాడితె నడ్వదా? జర జర నాకు సుత వస్తది" అన్నాడాయన.

"ఇంగ్లీషు పేపరాయనతోని ఉర్దూ మాట్లాడితె మనకు ఇజ్జత్ ఉంటదా అన్నా? ఎవ్వరు నోరు తెర్వద్దు. నేనున్న" అన్నాను.

ఇంటికి పోయి యాడికి కూడా ఆజ్ఞలు జారీ చేశాను. "ఆయన ముంగట మన మాట మాట్లాడకు. తెలుగుల చెప్పు, నేను ఇంగ్లీషు చేస్త."

"మన మాటకు ఏమైందిరా?"

"ఏం కాలే. ఢిల్లీ సారు ముంగట మంచిగుండది."

యాడి నన్ను ఒక క్షణం చూసి, బర్రెకు గడ్డి వేయడానికి పోయింది. అప్పుడు నాకు అదేదో అంగీకారంలా కనిపించింది.

మర్నాడు మిత్రుడి బూట్లు అడుక్కుని, చొక్కా లోపలికి దోపుకుని చౌరస్తాలో నిలబడ్డాను. శిబిరంలో మా తండా ఆడవాళ్లు పాతికమంది దండలు వేసుకుని జంఖానా మీద కూర్చున్నారు. రోడ్డుకు అవతల వంటావార్పు నడుస్తోంది. అంటే తెలుసుగా, రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే బంతిలో కూర్చుని తిని, బస్సుల్ని ఆపడం. ఈ పక్క తినకుండా నిరసన, ఆ పక్క తింటూ నిరసన. మాకు ఇందులో తేడా ఏమీ కనిపించేది కాదు.

పేపరాయన జీపు దిగాడు. నలభై ఏళ్లుంటాయి, సన్నటి మనిషి, భుజానికి సంచీ. యాకయ్య అన్నకు దండం పెట్టి హిందీలో ఏదో మొదలుపెట్టాడు. హిందీ నాకూ వచ్చు, అయినా ఇద్దరి మధ్యలోకి దూరాను.

"సర్, ఇంగ్లీష్ ప్లీజ్. ఐ యామ్ హియర్."

మర్యాదస్తుడు. ఇంగ్లీషులోకి మారాడు. మీరు ఎన్ని రోజుల నుంచి కూర్చున్నారని అడిగాడు. నా బుర్రలో ఇంగ్లీషు ‘ఏ’ అక్షరం పేజీ తెరుచుకుంది.

"సర్, ఆల్ అండ్ సండ్రీ ఆర్ సిట్టింగ్ బై హుక్ ఆర్ బై క్రూక్, అట్ ద ఎలెవెన్త్ అవర్."

ఆయన గడియారం చూసుకున్నాడు. తర్వాత నా తల మీదుగా పలక చూసి, దాని మీది అంకె రాసుకున్నాడు.

"ఏమంటుండు?" అన్నాడు యాకయ్య అన్న.

"మన పట్టుదల చూసి నోట మాట వస్తలేదంటుండు" అన్నాను.

ఇంతలో అవతల పొయ్యి మీద పప్పులో ఎండుమిర్చి పోపు పడింది. చౌరస్తా అంతా ఘాటు. పేపరాయన రెండుసార్లు తుమ్మి, ఇక్కడేమో నిరాహార దీక్ష అంటున్నారు, అక్కడేమో వంట చేస్తున్నారు, వాళ్లెవరు అని అడిగాడు. మంచి ప్రశ్న. రెండూ నిరసనలే అని మూడో తరగతి ఇంగ్లీషులో చెబితే సరిపోయేది. కానీ నా దగ్గర తిండికి సంబంధించిన జాతీయం ఒకటుంది, ఇంగ్లీషు ‘ఈ’ అక్షరం కింద. దాన్ని వదిలిపెట్టి మామూలు మాట చెప్పడమంటే పెళ్లికి పట్టుబట్టలుండగా లుంగీలో పోవడమే.

"సర్, దే ఆర్ ఈటింగ్ హంబుల్ పై."

"పై?" అన్నాడాయన, అటు చూస్తూ. అక్కడ గంజి వారుస్తున్నారు.

"హంబుల్, సర్" అని సర్దిచెప్పాను. ఆ జాతీయానికి తప్పు ఒప్పుకుని తలవంచడం అని అర్థమని నాకు తెలుసు. అర్థం తెలిసి వాడానంటే మీరు నన్ను క్షమించరని కూడా తెలుసు. నోట్లోకి వచ్చాక ఆగలేదండీ, అంతే.

ఆయన పెన్ను మూత పెట్టాడు, మళ్లీ తీశాడు. ఇక నాతో లాభం లేదనుకున్నాడేమో, ముందువరసలో ఉన్న మా యాడి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. మీరెందుకు వచ్చి కూర్చున్నారమ్మా అని అడగమన్నాడు నన్ను. అడిగాను.

యాడి దండ సర్దుకుంది. నేను చెప్పినట్టే తెలుగులో చెప్పింది. "మా పోరనికి నాలుగు భాషలొస్తయి సారూ. ఒక్కదాంట్ల సుత కొలువు దొరకలే. అందుకే కూసున్న."

శిబిరమంతా గొల్లుమంది. ఆ నవ్వులోనే చప్పట్లు. యాకయ్య అన్న కళ్లు తుడుచుకున్నాడు. అంతమంది నవ్వుతున్నది ఎవరిని చూసి? టై ఒక్కటే తక్కువగా తయారై నిలబడిన నన్ను చూసి. నా చెవులు కాలిపోయాయి. ఎదురుగా ఢిల్లీ పేపరాయన పెన్ను ఎత్తి పట్టుకుని నా వైపు చూస్తున్నాడు. ఈమె మా అమ్మ అని, ఆ పోరడు నేనేనని, నాకు ఉద్యోగం లేదని నేనే ఇంగ్లీషు చేసి అప్పజెప్పాలా?

చెప్పలేదు. బి అక్షరం కింద ఉన్నవన్నీ బయటకు తీశాను.

"సర్, షీ ఈజ్ సేయింగ్, ద బర్నింగ్ క్వశ్చన్ ఈజ్ ద బోన్ ఆఫ్ కంటెన్షన్. లైఫ్ ఈజ్ నాట్ ఎ బెడ్ ఆఫ్ రోజెస్. గవర్నమెంట్ ఈజ్ బ్లోయింగ్ హాట్ అండ్ కోల్డ్, అండ్ షెడ్డింగ్ క్రొకొడైల్ టియర్స్. ఇట్ ఈజ్ ఎ హార్డ్ నట్ టు క్రాక్, సర్."

చివరి రెండూ సి, హెచ్ అక్షరాలవి. ఊపులో వచ్చేశాయి.

"మరి వాళ్లంతా ఎందుకు నవ్వుతున్నారు?" అని ఇంగ్లీషులో అడిగాడాయన.

"బ్లడ్ ఈజ్ బాయిలింగ్, సర్."

ఆయన కాగితం మీద ఒక్క అక్షరం రాయలేదు. యాడి అది గమనించింది. చదువు రాకపోయినా, రాసే చెయ్యి ఆగితే ఎవరికైనా తెలుస్తుంది.

"నేను గింత చెప్తె నువ్వు గంత చెప్తివి. ఏం కలిపినవ్‌రా అండ్ల?" అంది.

"ఇంగ్లీషుల గట్లనే ఉంటది" అన్నాను.

"మరి ఆయన రాస్తలేడు కదా."

నేను నోరు తెరిచేలోపు పోపు ఘాటు మళ్లీ ఒక విడత వచ్చింది. పేపరాయనకు దగ్గు పట్టుకుంది. కళ్ల వెంట నీళ్లు కారిపోతున్నాయి. యాడి తన పక్కనున్న చెంబు అందించి, వీపు మీద తట్టింది. మూడు నెలల ఉద్యమం, ఢిల్లీ పేపరు, నా ఆజ్ఞలు, ఏమీ గుర్తుకు రాలేదామెకు. ఎండన పడి వచ్చిన మనిషి, దగ్గుతున్నాడు, అంతే. మా మాటలోనే అడిగేసింది.

"బాటి ఖాదో, బేటా? తార గామ్ కాంయి?"

రొట్టె తిన్నావా కొడకా, నీ ఊరేది అని. నిరాహార దీక్షలో కూర్చుని ఎదుటివాణ్ని తిన్నావా అని అడగడం మా యాడికే చెల్లింది. నేను సిగ్గుతో కళ్లు మూసుకున్నాను. అయిపోయింది, ఢిల్లీ ముందు తండా పరువు పోయిందనుకున్నాను.

దగ్గు ఆగిపోయింది. నేను కళ్లు తెరిచేసరికి పేపరాయన చెంబు పట్టుకుని మా యాడిని కొత్తగా చూస్తున్నాడు. చూసి చూసి ఏదో అన్నాడు. అది హిందీ కాదు, ఇంగ్లీషు అసలే కాదు. మా మాట కూడా కాదు, కానీ పక్క తండా నుంచి వచ్చిన చుట్టం కొంచెం యాస మార్చి మాట్లాడినట్టుంది. నాకు సగం పైగా అర్థమైంది. తన ఊరు రాజస్థాన్‌లో జోధ్‌పూర్ దాటాక అట. ఇంట్లో వాళ్ల నాయనమ్మ ఇలాగే అడుగుతుందట, తిన్నావా అని, ఇదే మాటతో.

యాడి ముఖం చూడాలి మీరు. "మనోడేరా" అంది నాతో, ఏదో నేను దాచిపెట్టినట్టు. మా పెద్దవాళ్లంతా ఆ దిక్కు నుంచే ఎడ్ల మీద ఉప్పు మోసుకుంటూ వచ్చారని మా తండాలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. నాకూ తెలుసు. ఏ నుంచి హెచ్ దాకా వెతికాను గానీ, అటు మాత్రం చూడలేదు.

ఆయన బూట్లు విప్పి జంఖానా మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఇక మొదలైంది. యాడి తన మాటలో చెబుతోంది, ఆయన తన మాటలో అడుగుతున్నాడు. తెలియని మాట వస్తే చేతులతో చూపించుకుంటున్నారు. బాయి ఎండిన సంగతి, మిరపకు నీళ్లు లేని సంగతి, నా సంగతి. ముఖ్యంగా నా సంగతి. పదో తరగతి నుంచి మొదలుపెట్టి బర్రెకు ఇంగ్లీషు చెప్పడం దాకా ఏదీ వదల్లేదు. ఆయన గబగబా రాసుకుంటున్నాడు. పేజీలు తిరుగుతున్నాయి.

నేను ఆగలేక మధ్యలో వంగి, "సర్, బర్డ్స్ ఐ వ్యూ ప్రకారం..." అన్నాను.

"వన్ మినిట్ ప్లీజ్" అన్నాడాయన, తల ఎత్తకుండా, చెయ్యి ఎత్తి.

అది చూసి మిగతా ఆడవాళ్లంతా అందుకున్నారు. యాకయ్య అన్న కూడా వచ్చి కూర్చుని, నేను పొద్దుటి నుంచి కట్టేసి ఉంచిన ఉర్దూను వదిలాడు. ఆయన ఉర్దూ అంతా టెంట్‌హౌస్ ఉర్దూ, అయినా పని నడిచిపోయింది. శిబిరంలో నోరు మూసుకున్నవాణ్ని నేనొక్కణ్నే. కాసేపటికి యాకయ్య అన్న నా వైపు తిరిగి, "తమ్మీ, ఖాలీగనే ఉన్నవ్ కదా, సారుకు చాయ్ పట్కరాపో" అన్నాడు.

పోయి తెచ్చాను.

రెండు రోజుల తర్వాత ఆ పేపరు వచ్చింది. ఖమ్మం బస్సు డ్రైవర్‌తో చెప్పి తెప్పించాడు యాకయ్య అన్న. లోపలి పేజీలో ఫొటోతో సహా ఉంది. దండ వేసుకున్న మా యాడి, పక్కన సగం తెగిపోయిన నా భుజం. మరిపెడ పేరు మొదటి వాక్యంలోనే ఉంది. చౌరస్తాలో జనం పోగయ్యారు. ఆనాటి దీక్ష మాది కాకపోయినా యాడిని ఆటో పెట్టి పిలిపించారు. అప్పుడు అందరికీ ఒక్కసారే గుర్తొచ్చింది, చదివి చెప్పేవాడు ఒక్కడే ఉన్నాడని.

మైకు నా చేతికి ఇచ్చారు. హెడ్డింగ్ చదివాను. వెంటనే తెలుగు చేసి చెప్పాను. "నా కొడుకుకు నాలుగు భాషలు వచ్చు, ఒక్కదానిలోనూ ఉద్యోగం దొరకలేదు" అని పెద్ద అక్షరాలతో ఉంది.

"నేను చెప్పింది గట్లనే రాసిండా?" అంది యాడి.

"గట్లనే రాసిండు యాడీ."

"గంత సులువుగ చెప్పేదుంటె నువ్వెందుకు చెప్పలే మరి?"

సిగ్గేసింది. గర్వంగా కూడా అనిపించింది. ఆమె మాట ఢిల్లీలో ఎవరో చాయ్ తాగుతూ చదువుతుంటారు. నా చేతిలో పెట్టిన రోజు దాన్ని నేను మొసలి కన్నీళ్ల కింద పాతిపెట్టాను.

మిగతాదంతా చదివి తెలుగు చేస్తూ పోయాను. మిరప తోట, ఎండిన బాయి, పాతికమంది ఆడవాళ్లు, అన్నీ సరిగ్గా ఉన్నాయి. చివరి పేరా దగ్గరికి వచ్చి నా కళ్లు ఆగిపోయాయి. పేపరు మడిచి, "అయిపోయింది. జై తెలంగాణ" అన్నాను.

యాకయ్య అన్న జీవితమంతా కుర్చీలు లెక్కపెట్టిన మనిషి. పేపరు నా చేతిలోంచి తీసుకుని వేలు పెట్టి చూపించాడు. "కింద ఇంకో నాలుగు లైన్లున్నయి. అవి ఎందుకు దాటినవ్?"

"అవి ఏం లేవన్నా. మామూలువి."

"మామూలువే చదువు."

యాడి చూస్తోంది. జనం చూస్తున్నారు. ఒక్క క్షణం నా బుర్రలో జాతీయాలన్నీ చేతులు కట్టుకుని వరసగా నిలబడ్డాయి, ఎవరిని పంపమంటావని. ఎవరినీ పంపలేదు. మైకు దగ్గరగా పట్టుకుని, ఒక్క మాట కలపకుండా, ఒక్క మాట తీసేయకుండా చెప్పాను.

"శిబిరంలో నాకు ఒక దుభాషిని ఇచ్చారు. చాలా చురుకైన యువకుడు. ఆయన చెప్పింది నాకు అర్థం కాలేదు. చివరికి వాళ్ల అమ్మ కలుగజేసుకుని, మా ఇద్దరి మధ్య దుభాషిగా సాయం చేసింది."

యాకయ్య అన్న మెల్లగా వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది.

"ఇన్ని దినాలకు ఒక్కటి సక్కగ తర్జుమా చేసినవ్ తమ్మీ" అన్నాడు.

ఆ నవ్వు అటు ఖమ్మం బస్సు దాకా వినబడి ఉంటుంది. యాడి అందరికంటే ఎక్కువ నవ్వింది. నవ్వుతూనే కొంగుతో నా ముఖం తుడిచింది, అంతమందిలో. నేనూ నవ్వాను, ఏం చేస్తాను?

ఆ సాయంత్రం, అదే టెంటు కింద, నిమ్మరసం గ్లాసు సాక్షిగా నేనొక కఠోర దీక్ష పట్టాను. నా జన్మలో మళ్లీ ఎన్నడూ, ఏ అక్షరంతో మొదలయ్యే జాతీయంతోనూ, మా యాడి మాటకు అడ్డుపడను. ఆమె మాట్లాడుతుంటే నోరు మూసుకుంటాను. పలక మీద రోజులు రాసిన ఆ దీక్ష రాష్ట్రం రాగానే ముగిసింది. నాది ఇంకా నడుస్తూనే ఉంది, విరమింపజేసే ఉద్దేశం మా యాడికి ఏ కోశానా లేదు.